జానెడు ఎక్కువ పన్నా

“ఆ ఫోటో ఫోన్లోంచి తీసెయ్. ఇప్పుడే, నా కళ్ళ ముందు.”

“తీయను నాయనమ్మా. రేపు పొద్దున్నే ప్రాజెక్టు పెట్టాలి. చార్టు మధ్యలో చోటు దానికోసమే ఉంచా.”

“నా పెట్టె ముట్టుకోమని నీకెవరు చెప్పారే?”

“నువ్వే! చార్టు కింద పరవడానికి పాత గుడ్డ కావాలంటే పెట్టెలో చూసుకోమన్లా?”

“గుడ్డ తీసుకోమన్నాను. మనిషిని తీసుకోమన్లేదు.”

“అబ్బా, మొహం కనపడనివ్వను, సరేనా? నడుం దాకా కట్ చేసేస్తా. ఉత్త కాలే ఉంటుంది. ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?”

ఆ చివరి మాట వినేసరికి నేను కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. అదే మాట, ఇంచుమించు అదే వరసలో, ఇంతకుముందొకసారి విన్నాను. అప్పుడన్నవాళ్ళు కూడా చదువుకున్నవాళ్ళే, మాకు మేలు చెయ్యాలని వచ్చినవాళ్ళే.

మేముండేది భవానీపురంలో, కృష్ణ గట్టుకు దగ్గర్లో. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతారు. ఇల్లూ, ఈ పిల్లా నా పాలిట పడ్డాయి. పిల్ల పదో తరగతి. మీ వాళ్ళ ఊళ్ళో నీళ్ళెలా ఉండేవి, ఆ నీళ్ళలో ఏమేం బతికేవి, వాటివల్ల మనుషులకు ఏ జబ్బులొచ్చేవి, అదంతా ఒక చార్టు మీద గీసి తెమ్మని వాళ్ళ సైన్సు టీచరు చెప్పిందట. క్లాసులో అందరూ డెంగీ గీస్తున్నారని మా పిల్ల బోదకాలు ఎంచుకుంది. అప్పట్నుంచీ నా ప్రాణం తోడేస్తోంది. మీ ఊళ్ళో మురుగు ఎటు పోయేది? కాలవలో గుర్రపుడెక్క ఉండేదా? కప్పలు అరిచేవా? మగ్గం గుంటల్లో నీళ్ళూరేవా? నేను చదివింది మూడో తరగతి. ఆ మూడేళ్ళలో నన్ను ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

చార్టు బాగానే గీసింది, కాదనను. మా ఊరి కాలవ, దాని పక్కన మురుగు, మురుగులో తోకలాడిస్తూ తలకిందులుగా వేలాడే దోమపిల్లలు. వాటిని చేపపిల్ల తింటుందని ఒక బాణం గుర్తు. దోమను తూనీగ తింటుందని ఒకటి, తూనీగను కప్ప తింటుందని ఇంకొకటి. దోమ నుంచి మనిషికి వచ్చే బాణం మాత్రం ఎర్రరంగు. దోమ కుట్టినప్పుడు పోగుకన్నా సన్నటి పురుగుపిల్లలు ఒంట్లోకి దిగుతాయట. మన ఒంట్లో రక్తం కాక వేరే నీరు పారే సన్నటి దారులుంటాయట. ఈ పురుగులు పోయి అక్కడ కాపురం పెడతాయట. కాలవకు గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు గట్టెక్కినట్టు, ఆ దారులు పూడిపోయి కాలు ఉబ్బుతుందట. ఈ ముక్క నాకు ఒక్కసారి చెప్పగానే అర్థమైంది. కాలవ పూడితే ఏమవుతుందో మా వైపు మనిషికి రెండోసారి చెప్పక్కర్లేదు.

కానీ చార్టు మధ్యలో నాలుగు మూలలూ పెన్సిలుతో గీసి ఖాళీగా వదిలిన చోటు ఎందుకో నాకు ఆ సాయంత్రం దాకా తెలియలేదు. తెలిశాక ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. మనుషుల్లేని గదిలో తిరుగుతున్న ఫ్యాను కట్టేశాను. ఏరి డబ్బాలో పోసిన కందిపప్పును మళ్ళీ చేటలో పోసుకుని ఏరాను. దోమల బ్యాటు పట్టుకుని కర్టెన్ల వెనక విసిరాను. ఒక్కో దోమ చిటుక్కుమని కాలినప్పుడల్లా పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ మొహం ముడుచుకుని రంగులేసుకుంటోంది.

“నాయనమ్మా, నువ్వలా తిరుగుతుంటే నాకు గీత వంకరపోతోంది.”

“పోనీ.”

ఆ ఫోటోలో ఉన్నది మా వదిన. నా భర్తకు అక్క. అరచేతికన్నా కొంచెం పెద్ద ఫోటో. గుమ్మం ముందు నిలబడి, రెండు వేళ్ళతో చీర అంచు కొంచెం పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ ఉంటుంది. ఆ ఎత్తిన అంచు కింద ఎడంకాలు. మోకాలి నుంచి మడమ దాకా ఒకటే లావు. పాదమెక్కడ మొదలవుతుందో తెలియదు. పైన నవ్వు చూస్తే కింద కాలు ఆ మనిషిది కాదనిపిస్తుంది.

ఆవిడ సంగతి చెప్పాలంటే నా పెళ్ళి కుదిరిన రోజుల నుంచి చెప్పాలి. మా అత్తవారిది నేతపని. కూచిపూడి దాటి కాలవ వెంట కొంతదూరం పోతే వచ్చే ఊరు. సంబంధం ఖాయం చేసుకునే ముందు మా అమ్మ, మా మేనమామ ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళొచ్చారు. అమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. “పెళ్ళికొడుక్కి ఒక అక్క ఉంది. మేం వెళ్ళినా మగ్గంలోంచి లేవలా. మంచినీళ్ళు కూడా ఆ తల్లే తెచ్చిచ్చింది. పొగరో, పని మీద ధ్యాసో మరి! ధ్యాసే అనుకుందాం. అట్లా పనిచేసే ఇంట్లో పిల్ల పస్తుండదు.” అలా మా వదిన లేవకపోవడం నా పెళ్ళికి కలిసొచ్చింది.

గుంట మగ్గం చూడని వాళ్ళకు ఇందులో తమాషా తెలియదు. ఇంటి నేలలోనే గొయ్యి తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దింపి చెక్కలు తొక్కుతూ నేస్తారు. చూసేవాళ్ళకు కనపడేది నడుం నుంచి పైకి సగం మనిషే. మిగతా సగం భూమిలో ఉంటుంది. మా అత్తగారు ఆ రోజు కూతుర్ని పెందలాడే గుంటలో కూర్చోబెట్టి, వాళ్ళు వెళ్ళేదాకా కదిలావంటే చూడమని చెప్పిందట. నేను కాపురానికి వెళ్ళిన మర్నాడు వదిన మగ్గంలోంచి లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది. నేను చూశాను. నేను చూడ్డం ఆవిడా చూసింది. “చూసేశావుగా, ఇంక వెళ్ళి పాలు పొంగకుండా చూడు” అంది. మా ఇద్దరికీ స్నేహం అక్కడ మొదలైంది.

ఆవిడకు పెళ్ళయింది. కాపురంలో ఉండగానే జ్వరాలు పట్టుకున్నాయి. భర్త తీసుకొచ్చి పుట్టింట్లో దింపి, జ్వరం తగ్గాక వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు. మరి జ్వరం తగ్గలేదో, ఆయనకు దారి గుర్తు లేదో, రాలేదు. అమావాస్యకూ పున్నానికీ గజ్జల్లో బిళ్ళ కట్టేది, వణుకుతో జ్వరమొచ్చేది, తగ్గేటప్పటికి కాలు ఇంకాస్త పెరిగేది. నాటువైద్యం చేసే ఆచారిగారు చూసి, మగ్గం గుంటలో చెమ్మ కాలికి దిగిందన్నాడు. మా అత్తగారికి ఆ మాట నచ్చింది. వానాకాలం మా గుంటల్లో నిజంగానే నీళ్ళూరేవి, చెంబులతో తోడిపోసుకుని నేసేవాళ్ళం. పడుగుకు పెట్టిన గంజి మిగిలితే పెరటి గుంటలో పోసేవాళ్ళం. ఆ గుంట మీద పొద్దుగూకేసరికి దోమలు పొగలా లేచేవి. గంజి పారబొయ్యడానికి మా అత్తగారికి చేతులొచ్చేవి కావు, గేదెకు పనికొస్తుందనేది. గేదె కూడా దాన్ని రెండు రోజులకు మించి ముట్టేది కాదు.

“ఇంక దాన్ని మగ్గం మీంచి లేపెయ్యాలి. నీడపట్టున కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటది” అని అత్తగారు రోజుకొకసారి అనేది. మా వదిన పేక పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆపకుండానే జవాబిచ్చేది. “కండెలు చుడితే నువ్వు పెట్టిన అన్నం తింటా. నేస్తే నా అన్నం నేను తింటా. రెండూ ఒకటేనా అమ్మా?”

ఆవిడ నేత అలాంటిది మరి. రెండు ఎర్రగీతల మధ్య ఆకుపచ్చ పట్టీ, దాని మీద బియ్యపు గింజలు చల్లినట్టు తెల్లటి పొడుగు చుక్కలు. ఆ అంచు వీధిలో ఇంకెవరికీ వచ్చేది కాదు. వచ్చినా అంత ఓపిక ఉండేది కాదు. బియ్యపుగింజ అంచు అంటే మా వదిన, మా వదిన అంటే బియ్యపుగింజ అంచు.

అలా ఉండగా ప్రభుత్వం వాళ్ళ జట్టొకటి మా ఊరొచ్చింది. ముందు చీకటిపడ్డాక వచ్చి అందరి వేళ్ళూ పొడిచి రక్తం చుక్కలు పట్టుకెళ్ళారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయట. దొంగలకూ వాటికీ ఒకటే వేళని మా అత్తగారు తీర్మానించింది. తర్వాత ఒక నర్సమ్మగారు పగటిపూట వచ్చి వదిన పక్కన నేలమీద కూర్చుంది. “కాలు మళ్ళీ మామూలుగా అవుతుందని నేను చెప్పనమ్మా. జ్వరాలు తగ్గుతాయని మాత్రం చెప్తా. ఇది గుంట వల్ల రాలేదు, దోమ వల్ల వచ్చింది. రెండుపూటలా సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడువు. పడుకునేటప్పుడు కాలు కింద ఎత్తు పెట్టుకో.”

“కాలికి సబ్బా? మా ఇంట్లో మొహాలకే లేదు” అంది అత్తగారు.

నర్సమ్మగారు తన సంచిలోంచి ఒక సబ్బుబిళ్ళ తీసి వదిన చేతిలో పెట్టింది. ఆ సబ్బును వదిన ఎంత పొదుపుగా వాడిందో చూశాకే నాకు పొదుపంటే ఏమిటో తెలిసింది. ఇప్పటికీ మా ఇంట్లో అరిగిపోయిన సబ్బుముక్క కొత్త సబ్బుకు అతుక్కోకుండా బయటకు పోదు. కోడలికి ఇది కిట్టదు. మెత్తటి పాత పంచె ముక్కతో వదిన ఒక్కో వేలూ విడదీసి, పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడుచుకునేది. జ్వరాలు నిజంగానే తగ్గాయి. పున్నమి వచ్చిపోయిందని క్యాలెండరు చూసుకుంటే గానీ తెలియని నెలలు కూడా వచ్చాయి.

అందుకే ఆ నర్సమ్మగారు మళ్ళీ వచ్చి, వెంట మెళ్ళో కెమెరా వేసుకున్న మనిషిని తెచ్చి, ఫోటో ఒకటి తీసుకుంటామంటే వదిన కాదనలేకపోయింది. “ఊరూరా బొమ్మలు పెట్టి చూపిస్తామమ్మా, నలుగురూ జాగ్రత్తపడతారు. మొహం ఉండదు, నడుం దాకా కోసేస్తాం. ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

వదిన లోపలికి వెళ్ళి తల దువ్వుకుని, తాను నేసినవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఫోటోకు నిలబడ్డం అదే మొదలు. అంతా అయ్యాక, కెమెరా ఆయన పెట్టె సర్దుకుంటుంటే ఒక్కటే అడిగింది. “కోసేసిన ముక్క మాకిస్తారా అండీ?”

ఆయన నవ్వి, ముక్కెందుకమ్మా, మొత్తం ఫోటోనే ఇస్తానన్నాడు. మాట నిలబెట్టుకుని తర్వాత తెచ్చిచ్చాడు కూడా. నా పెట్టెలో ఉన్నది అదే.

ఆ ఏడు పక్క ఊరి తిరునాళ్ళకు నేనూ వదినా బండి మీద వెళ్ళాం. మా చుట్టుపక్కల నేతవాళ్ళందరూ వచ్చే తిరునాళ్ళ అది. అక్కడ ఎవరో ఆడపిల్లలు నాట్యం చేస్తుంటే అరుగు మీద కూర్చుని చూశాం. ఆ వైపు మనుషులకు కాళ్ళ గురించి మాట్లాడ్డం చిన్నప్పట్నుంచీ వచ్చు. ఆ పిల్ల అడుగు గట్టిదనీ, ఈ పిల్లకు తాళం నిలవలేదనీ పక్కనున్నవాళ్ళు తగువులాడుకుంటున్నారు. అందరూ కాళ్ళు చూస్తుంటే మా వదిన చీరలు చూసేది. “నూలు మంచిదే. సందులు చూడు, పేక సరిగ్గా కొట్టలా” అని నా చెవిలో గొణిగేది.

తిరిగొస్తుంటే దారిలో ఆరోగ్యం వాళ్ళ పందిరి కనపడింది. తడికెలకు బొమ్మలు తగిలించారు. ఒక మూల జనం బాగా మూగి ఉన్నారు. మేమూ వెళ్ళాం. నిలువెత్తు బొమ్మ. నడుం దగ్గర తెగిపోయిన మనిషి, రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకున్న అంచు, కింద కాలు. చెప్పినట్టే మొహం లేదు. నేను వదిన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోతున్నాను. ఇంతలో మా వీధి చివరింటి పెద్దావిడ, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, కళ్ళు చికిలించి ముందుకు వంగి, “ఇది బియ్యపుగింజ అంచు కదూ?” అంది. అనేసి, పక్కకు తిరిగి మా వదిన్ని చూసింది. ఆవిడ చూసిన వైపు అందరూ చూశారు.

ఆ నర్సమ్మగారిది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడకు మనిషి గుర్తు మొహం. మా వీధిలో అలా కాదు. దండెం మీద ఆరేసిన చీర చూసి అది ఎవరి మగ్గమో, ఎవరు గంజి పెట్టారో, ఆ వారం ఆ ఇంట్లో జ్వరమో గొడవో ఉండి నేత ఎక్కడ వదులైందో చెప్పేవాళ్ళు. మొహం కోసేసి అంచు ఉంచడమంటే మా మధ్యలో పేరు రాసి పెట్టినట్టే. అది వాళ్ళకు తట్టలేదు. ఫోటోకు నవ్వుతూ నిలబడ్డ రోజు మాకూ తట్టలేదు.

తర్వాత రోజుల్లో వీధిలో మాటలు మొదలయ్యాయి. ఆ మగ్గం మీద నేసిన గుడ్డ కట్టుకుంటే కట్టుకున్నవాళ్ళకూ వస్తుందని ఎవరో అన్నారు. ఎప్పుడూ కొనే రెండిళ్ళవాళ్ళు ఈసారి వద్దన్నారు. మా అత్తగారు కూతురి ముందు చతికిలబడి కూర్చుని, ఎన్నడూ లేనంత మెత్తగా చెప్పింది. “అంచు మార్చమ్మా. మామూలు గీతల అంచెయ్యి. ఎవరిదో తెలీకుండా పోద్ది. లేదంటే మగ్గమన్నా దిగు. రెండిట్లో ఒకటి.”

వదిన చాలాసేపు నేస్తూనే ఉంది. తర్వాత నాడె ఆపి అంది. “అంచు మార్చను. పన్నా పెంచుతా.”

పన్నా అంటే గుడ్డ వెడల్పు. చీర కట్టుకుంటే నడుం నుంచి పాదం దాకా వచ్చేది ఆ పన్నాయే. అది మగ్గానికున్న అచ్చును బట్టి ఉంటుంది. పడుగు పోగులన్నీ దువ్వెన పళ్ళలోంచి దూరినట్టు అచ్చులోంచి దూరి వస్తాయి. అచ్చు ఎంత పొడుగో గుడ్డ అంత వెడల్పు. వదిన మా ఆయన్ని పంపించి జానెడు ఎక్కువ పొడుగున్న అచ్చు కట్టించుకుంది. పోగులు ఎక్కువ, పని ఎక్కువ, నూలు ఎక్కువ. ఆ మొదటి చీర మగ్గం మీంచి దించి కట్టుకుంటే అంచు పాదాలు దాటి నేలమీద పడింది. నడుస్తుంటే కాలు కాదు గదా, గోరు కూడా కనపడలేదు. బియ్యపు గింజలు మాత్రం ఆవిడ చుట్టూ నేలమీద తిరుగుతూ ఉండేవి.

“నేల తుడవడానికి నేస్తున్నావటే నూలు?” అని తల్లి.

“తుడవనీ. చీపురు ఖర్చు మిగుల్తది” అని కూతురు.

ఈ గొడవ ఎటూ తేలకముందే బందరు నుంచి సాయిబుగారు సరుక్కి వచ్చారు. మా వీధి చీరలు కొని ఊళ్ళ మీద అమ్ముకునే పెద్దమనిషి. అత్తగారు మూట విప్పితే మామూలు చీరల మధ్య జానెడు పన్నా చీరొకటి కలిసిపోయి ఉంది. ఆయన మడత విప్పి, జేనలు వేసి కొలిచి, “ఇదేంటమ్మా, ఇంత పన్నా?” అన్నారు.

“అది... పొడుగాటోళ్ళ కోసం బాబూ” అంది మా అత్తగారు. అప్పటికప్పుడు నోటికొచ్చిన అబద్ధం.

“మా ఇంట్లో ఉందిగా పొడుగాటావిడ! ఏ చీర తీసుకెళ్ళినా చీలమండల పైకే ఉంటుందని నా ప్రాణం తీస్తది. ఇది నేనుంచుకుంటా.”

గుంటలోంచి వదిన గొంతు వినపడింది. “సాయిబుగారూ, తిరునాళ్ళలో బొమ్మ చూశారా? ఆ కాలు నాదేనండీ. తెలిసే తీసుకెళ్ళండి.”

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వంటింటి గుమ్మంలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మూటతో పాటు వదిన మగ్గం కూడా ఆయన చేతిలో ఉంది. ఆయన చీర వదిలేసి లేస్తే, వదిన అచ్చు విప్పేసి కండెల దగ్గర కూర్చోవాల్సిందే.

ఆయన తాపీగా చీర మడతపెట్టుకున్నారు. “చూశానమ్మా. అంచు చూసే పోల్చా. ఎంత గట్టి నేత! అంత పెద్ద బొమ్మ చేసినా ఒక్క పోగు చెదిరినట్టు లేదు.” అంటూ మూటలో పెట్టుకుని, నావైపు తిరిగి, “మంచినీళ్ళు ఇచ్చేదుందా, నిలబడే ఉంటావా తల్లీ?” అన్నారు.

మళ్ళీ వచ్చినప్పుడు అవే కావాలన్నారు. వాళ్ళావిడ అక్కచెల్లెళ్ళందరూ పొడుగేనట. వాళ్ళను చూసి ఇరుగుపొరుగు, ఇరుగుపొరుగును చూసి ఇంకెవరో. కాలు దాచుకోవడానికి నేసిన కొలత, బందరులో పొడుగాటి ఆడవాళ్ళు మురిసిపోయి కట్టుకున్నారు. ఆ అచ్చు వీధిలో ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి వదిన్ని మగ్గం దిగమన్నవాళ్ళు లేరు. ఆ నెల నుంచి సబ్బు కూడా మా అత్తగారే తెప్పించింది, సగానికి కోసి.

ఇదంతా ఆ సాయంత్రం పిల్లకు చెప్పాను. వరసగా చెప్పలేదు. వంటింట్లోకి వెళ్తూ కొంత, బట్టలు మడతపెడుతూ కొంత, మధ్యలో లేచి వీధి తలుపు గడియ చూసొచ్చి కొంత. పిల్ల రంగు పెన్సిలు నోట్లో పెట్టుకుని వింది. పెన్సిలు నోట్లోంచి తియ్యమని రెండుసార్లు చెప్పాను.

“ఆ చీర ఉందా ఇప్పుడు?”

“ఎందుకుండదు? ఒకటి పెద్ద పన్నాది, ఒకటి అంతకు ముందుది. నేను పారేసే మనిషినా?”

నిజానికి ఈ ఇంట్లో వాడకుండా ఉంచుకున్న గుడ్డలు ఆ రెండే. పెద్ద పన్నాది నేను కట్టుకుంటే కాళ్ళకు అడ్డంపడుతుంది. కోసి దిండుగలీబులు కుడదామని కోడలంది. పాత లంగా అంచుతో మసిగుడ్డ కుట్టే దాన్ని నేను. కానీ దానికి కత్తెర పెట్టనివ్వలేదు. వదిన ఆఖరిదాకా ఆ పన్నాయే కట్టింది. పోయినప్పుడు కూడా నేనే కట్టాను, అంచు పాదాలు దాటేలా సర్ది.

పిల్ల మెల్లిగా అంది. “నాయనమ్మా, కోప్పడవుగా? అప్పుడంటే మీ వీధి ఉంది. ఇప్పుడు మా స్కూల్లో అంచు చూసి ఎవరు గుర్తుపడతారు? మా టీచర్‌కి కూడా తెలీదు. కాలు చూపించకపోతే ఇది ఎంత పెద్ద జబ్బో వాళ్ళకెట్లా తెలుస్తుంది?”

నన్ను ఒకచోట కూర్చోనివ్వంది ఇదేనని అప్పుడు తెలిసింది. ఆ వీధి ఇప్పుడు లేదు. గుంటలు పూడ్చి పైన బండలు పరుచుకున్నారు. గంజి గుంట మీద ఎవరిదో మేడ లేచింది. ఈ జబ్బుకు మాత్రలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా నిలబడి మింగించి పోతున్నారు. ఊరికే ఇచ్చేది నేనెందుకు వదులుతాను, మింగుతూనే ఉన్నాను. వదిన్ని నలుగురిలో బయటపెట్టిన ఆ కళ్ళు పోయాయి. ఒక్క పోగు చెదరలేదని మెచ్చుకున్న కళ్ళు కూడా వాటితోనే పోయాయి. దీనికి సంతోషించాలో, ఏడవాలో తెలియక, “నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యడానికి ఆవిడ నీ సొత్తు కాదు” అని మాత్రం చెప్పి లైటు తీసేశాను. పిల్ల చీకట్లో, “నీ సొత్తూ కాదుగా” అని గొణిగి అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

పొద్దున్నే లేచి చూస్తే పిల్ల మంచం మీద లేదు. బాల్కనీలో దండెం మీద రెండు చీరలూ పక్కపక్కన వేసి ఉన్నాయి, పై అంచులు సమానంగా కలిపి, క్లిప్పులు పెట్టి. కింద ఒకటి గచ్చుకు ఎత్తుగా ఆగింది. ఇంకొకటి జానెడు దిగి గచ్చు మీద పడింది. పిల్ల గొంతుక్కూర్చుని ఆ తేడాను స్కేలుతో కొలిచి చార్టు మీద రాస్తోంది. స్కూల్లో కూడా చీరలు ఇలాగే వేలాడదీస్తానంది. ఫోన్ తెచ్చి నా కళ్ళ ముందే ఫోటో తీసేసి, తీసేశానని చూపించింది.

“మరి అసలు ఫోటో ఏదే?”

చార్టు నా వైపు తిప్పింది. మధ్యలో ఖాళీగా వదిలిన చోట బ్లేడుతో అడ్డంగా ఒక గీత కోసి, ఆ చీలికలోకి ఫోటోను నడుం దాకా దింపింది. కాలు చార్టు వెనక్కి పోయింది. నవ్వే మొహం, భుజాలు పైకి కనపడుతున్నాయి. దాని కింద, “ఈ రెండు చీరలూ నేసింది ఈవిడ” అని రాసింది. ఎక్కడా కత్తిరించలేదు. ఎటు తిప్పి చూసినా ఒక్క మడత కూడా లేదు.

మగ్గం గుంటలో కూర్చున్నట్టే ఉంది వదిన. పెళ్ళి ఖాయం చేసుకోవడానికి వెళ్ళిన రోజు మా అమ్మ చూసిన సగం మనిషినే, ఇన్నేళ్ళకు ఆ పిల్లలు చూడబోతున్నారు.

నేను చీరలు దండెం మీంచి తీసి, మళ్ళీ మడతలు పెట్టి, మధ్యలో వేపాకు వేసి సంచిలో పెట్టిచ్చాను. సాయంత్రానికి రెండూ ఇలాగే తిరిగి రావాలని, పిన్నీసులు గుచ్చావంటే ఊరుకోనని చెప్పాను. ఇడ్లీ ఒకటి వదిలేసి లేవబోతే కూర్చోబెట్టి తినిపించాను. ఆటో వచ్చింది. చార్టు ఒక చేత్తో, సంచి ఇంకో చేత్తో పట్టుకుని వెళ్ళింది.